పాట విడిచినాడు

అన్నా,

నువ్వు పోయి ఏడాదయింది. ఈ అరవ ఊళ్ళో నువ్వు ఏటేటా గొంతు చించుకొని మన తెలుగు మాటల్లో ఆట చెప్పిన మైదానంలోనే నిన్న సడుగుడు పందెం జరిగింది. దీన్ని చెడుగుడు అనే ఆంధ్ర నుంచి ఒక జట్టు వచ్చింది. వాళ్ళ మనిషి రేకు గొట్టం నోటికి పెట్టుకొని ఆటంతా తెలుగులోనే చెప్పాడు. అది వినగానే జనాన్ని తోసుకుంటూ అతని పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

గీత దాటి మనవైపు వచ్చిన వాళ్ళ ఆటగాడికి ఊపిరి చాలలేదు.

"కూత ఆపాడు" అని గొట్టంలో చెప్పాడతను.

"పాట విడిచినాడురా, పట్టుకోండి" అని నేను నీలాగే అరిచాను.

అతను గొట్టం దించి నవ్వాడు. "అదేం భాషండీ?"

వాళ్ళ జట్టంతా నావైపు చూసింది.

"అరవమండీ" అన్నాను.

"మీ అరవం మాకు బాగానే తెలుస్తోందే" అన్నాడు.

నేను మళ్ళీ జనంలోకి జరిగి, మిగతా ఆట వెనకనుంచే చూశాను.