తెల్ల చొక్కా

ఉపోలు దీవి, సమోవా
సెప్టెంబరు 14

మాసినక్కా,

ఆక్లండ్‌లో నువ్వూ పిల్లలూ బాగున్నారనుకుంటాను. నేను బాగాలేను. ఎవరినైనా రెండు పీకాలని ఉంది. పీకడానికి వీల్లేక నీకు రాస్తున్నాను.

మా షెడ్డు సంగతి నీకు తెలుసు. నడవలేనివాళ్ళు, వినలేనివాళ్ళు, మాట సరిగా రానివాళ్ళు, మొత్తం పదకొండు మంది పగటిపూట అక్కడికొస్తారు. నాలుగేళ్ళుగా వారానికి మూడు రోజులు జీతం లేకుండా వాళ్ళతో ఉంటున్నాను. అందులో మన వెనకింటి అఫేలే ఒకడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడని ఊళ్ళో వాణ్ణి ఇప్పటికీ పసివాడి కిందే లెక్కేస్తారు. అందుకే ముప్ఫై రెండేళ్ళొచ్చినా ప్రతి అక్టోబరులో వచ్చే పిల్లల పండగకి, తెల్ల ఆదివారానికి, పిల్లల వరుసలోనే కూర్చుంటాడు. మనం చిన్నప్పుడు చేసినట్టే తెల్లబట్టలు వేసుకుని, చర్చిలో బైబిలు వాక్యం అప్పజెప్పి, పెద్దలు వడ్డిస్తే అందరికంటే ముందు తింటాడు.

మూడు వారాల కిందట పాస్టరమ్మ వాక్యాల జాబితా చదివింది. వాడి పేరు లేదు. ఎందుకని అడిగాను.

"వాడికెందుకమ్మా వాక్యం? కిందటేడు మధ్యలో ఆగిపోతే అందరూ నవ్వారు. ఊరికే కూర్చోబెట్టు. కడుపునిండా తింటాడు, పాపం," అంది.

ఆ 'పాపం' వింటే నాకు ఒళ్ళు మండుతుంది. "నవ్వినవాళ్ళని ఏమీ అనలేక వాడి పేరు కొట్టేశారా?" అన్నాను. పాస్టరమ్మతో అలా ఎవరూ మాట్లాడరు. ఇంటికొచ్చాక అమ్మ నన్ను ఉతికి ఆరేసింది. అయినా వాడి పేరు రాయించాను. కావాలనే ఆరు వరుసల వాక్యం తీసుకున్నాను.

నేను వాడి కోసం ఊరంతటితో పోట్లాడుతుంటే వాడు నేర్చుకోవడానికే రాడు. శనివారం వస్తే మాయం. చూడబోతే పాస్టరుగారి ఇంటి వెనక, మగవాళ్ళు ఆదివారం భోజనాలకు వంట చేసే చోట, జుట్టంతా కొబ్బరి కోరుతో కూర్చుని ఉంటాడు. వాళ్ళకు పెద్ద సెమీసి నన్ను చూసి పళ్ళికిలిస్తాడు. వీణ్ణి ఆటపట్టించడానికే పిలుస్తున్నారని నాకు తెలియదా? "బుజ్జీ, చేతులు కడుక్కున్నావా? పద," అని లాక్కొస్తున్నాను. మూడు శనివారాలుగా ఇదే తంతు.

అక్కా, ఒక తెల్ల చొక్కా పంపు. అన్నిటికంటే పెద్ద సైజు, మంచి బట్ట. నలుగురిలో వాడు తక్కువగా కనపడకూడదు.

నీ లోసా


అక్టోబరు 14

మాసినక్కా,

చొక్కా అందింది. సరిగ్గా సరిపోయింది. అది ఒంటి మీద ఉన్నది పావుగంట. అంతా చదివి నన్ను తిట్టు. ఈలోగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నిన్న పొద్దున పిల్లలు వరుసకట్టి చర్చికి బయల్దేరేసరికి అఫేలే లేడు. ఎక్కడుంటాడో నాకు తెలుసు కదా, నేరుగా పాస్టరుగారి ఇంటి వెనక్కి వెళ్ళాను. నువ్వు పంపిన చొక్కా సీమపనస కొమ్మకు వేలాడుతోంది. నేలపొయ్యిలో, ఆకుపొట్లాలు ఉడికించే రాళ్ళు ఎర్రగా కాలి ఉన్నాయి. అఫేలే లుంగీ బిగించి గిన్నె ముందు కూర్చుని కొబ్బరిపాలు పిండుతున్నాడు.

సెమీసి మీద విరుచుకుపడ్డాను. "నవ్వుకోవడానికి మీకు వీడే దొరికాడా? ఒళ్ళు కాలితే ఎవరిది పూచీ?" అంటూ అఫేలే చెయ్యి పట్టుకున్నాను. నాలుగేళ్ళలో మొదటిసారి విదిలించుకున్నాడు.

"వదులు. పాలు ఒలుకుతాయి," అన్నాడు.

సెమీసి నింపాదిగా చెప్పాడు. "రెండు నెలలుగా ప్రతి శనివారం వస్తున్నాడు లోసా. పాలు పిండటం ఇతని పని. ఇలా చుక్క మిగలకుండా పిండే చెయ్యి మాలో ఇంకోటి లేదు. నువ్వేమో మధ్యలో లాక్కుపోతావు. మిగతాది నేను పిండి చావాలి."

"ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పనిస్తేగా. పాస్టరమ్మనే వదల్లేదు, నేనెంత? అయినా ఇతను నీకంటే ఆరేళ్ళు పెద్ద. నువ్వు నేల మీద పాకే రోజుల్లో నిన్ను చంకనేసుకు తిరిగాడు. బుజ్జీ ఏంటి, బుజ్జీ?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీదే. నేను అఫేలేని అడిగాను, "మరి వాక్యం?"

"నాకొద్దు. నీకొచ్చుగా, నువ్వు చెప్పు," అని మళ్ళీ పిండటంలో పడ్డాడు. వాక్యం కావాలా అని అతన్ని నేను అడగడం అదే మొదటిసారి, అక్కా.

చర్చిలో పాస్టరమ్మ అఫేలే పేరు రెండుసార్లు పిలిచింది. అంత గొడవపడి రాయించిన పేరు. చివరికి నేనే లేచాను. ఇరవయ్యారేళ్ళదాన్ని, చిన్నపిల్లల మధ్య నిలబడి అప్పజెప్పాను. వాక్యంలో నాలుగో వరుస దగ్గర తడబడ్డాను. చర్చంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. కిందటేడు అతనికీ ఇలాగే ఉండి ఉంటుంది, నేనేమో అది చాలక ఇంకా పొడుగు వాక్యం తెచ్చి నెత్తిన పెట్టాను.

భోజనాల దగ్గర అఫేలే పిల్లలకు వడ్డించాడు. "నువ్వు కూర్చో నాయనా," అంది పాస్టరమ్మ. "పనుంది," అన్నాడు. నేనూ వడ్డించబోతే పిల్లల చాప చూపించాడు.

"వాక్యం చెప్పావుగా. కూర్చో."

కూర్చున్నాను. కొబ్బరిపాలతో ఉడికిన చేమాకు పొట్లం తెచ్చాడు. పెట్టబోయి ఆగి, నా మొహంలోకి వంగి చూశాడు.

"చేతులు కడుక్కున్నావా?"

లేచి వెళ్ళి కడుక్కొచ్చాను. అప్పుడు పెట్టాడు.

పాస్టరమ్మ మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఇవాళ షెడ్డులో హాజరు పుస్తకం తీస్తే పైన 'పిల్లలు' అని ఉంది. అది నా రాతే. కింద ఉన్న పదకొండు పేర్లలో ఐదుగురు గడ్డం గీసుకునేవాళ్ళో, తల నెరిసినవాళ్ళో ఉన్నారు. ఆ పేజీ చింపేశాను. రేపు ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఏం చేయాలనుందో అడుగుతాను. తల ఊపో, వేలు చూపో, చెప్పగలిగినట్టు చెబుతారు. ఇన్నాళ్ళూ అడగనిది నేనే.

వచ్చే ఏడు తెల్ల చొక్కా పంపకు. అఫేలే అన్నకి ఒక నల్ల లుంగీ పంపు. పొయ్యి దగ్గర మసి కనపడదు.

నీ చెల్లెలు,
లోసా