రక్తం ఇచ్చే ముందు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ముప్పై రెండేళ్ళ ఆడమనిషికి గుండెజబ్బేమిటి, గ్యాసేనని ఆ డాక్టరు నిన్ను ఇంటికి పంపడం నేను మరవలేదు. గుండెజబ్బు ఏ వయసులో వస్తుందని ఆయన నమ్మిన లెక్కలు తెల్లవాళ్ళ ఒళ్ళు చూసి కట్టినవట. మనవాళ్ళు అందులో లేనే లేరని ఒక కరపత్రంలో చదివాను.

ఇవాళ బొమ్మనహళ్ళిలో మీ గార్మెంట్స్ ఫ్యాక్టరీ గేటు దగ్గర డాక్టర్లు టెంటు వేశారు. మనవాళ్ళకు చిన్న వయసులోనే రక్తనాళాలు ఎందుకు మూసుకుపోతున్నాయో, అది వంశంలోనే ఉందేమో చూడడానికి రక్తం తీసుకుంటున్నారు.

"రిజల్టు మాకు చెప్తారా?" అన్నాను కుర్చీలో కూర్చుంటూ.

"ఇది రీసెర్చి తమ్ముడూ, ఎవరికీ చెప్పం" అంది డాక్టరమ్మ.

"మా అక్కను మింగింది ఆ జబ్బే. ఇంట్లో ఇంకా చెల్లెలుంది. చెప్పేటట్టుంటేనే సూది పెట్టండి" అని కుర్చీలోంచి లేచాను.

వెనక లైన్లోంచి, నీ పక్క మిషను మీద కుట్టే మంజులక్క అరిచింది: "కూర్చోప్పా, యాడికి పోయినా గలాటానేనా నీకు!"

కూర్చోలేదు. చివరికి డాక్టరమ్మ నా ఫారం మీద 'ఫలితం ఇంటికి తెలపాలి' అని రాసి సంతకం పెట్టింది. అప్పుడు చెయ్యి చాపాను.

నా తర్వాత మంజులక్క కూర్చుంది. సూది దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా కాగితం మీదా రాయండి మేడమ్."