కారణం గడిలో పేరు

నిజామాబాద్,
బుధవారం

బాపూ,

కాళ్లకు మొక్కుతున్నాను. ఊర్లో అవ్వ, ఇక్కడ నేను మంచిగానే ఉన్నాం. మస్కట్‌లో నీ నడుం నొప్పి తగ్గి నువ్వూ మంచిగుండాలి. ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పలేననే కాగితం పట్టుకున్నాను. శుక్రవారం విమానమెక్కే ముత్తన్న మామ అవ్వ ఇచ్చిన పసుపు తెస్తాడు, దీన్నీ ఆయన చేతికే ఇద్దామని.

పోయిన ఉత్తరంలో మూడు అడిగావు. అద్దె గది బాగుందా అని మొదటిది. నీళ్లు ఒకరోజు వస్తే రెండు రోజులు రావు, అంతే. "ప్లానింగ్ అంటే ఏం పని బిడ్డా?" అని రెండోది. ఏం చెప్పను! బోధన్ రోడ్డులో లేస్తున్న ఐదంతస్తుల బిల్డింగులో ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగియాలో కంప్యూటర్‌లో గీతలు గీయడం. నేను ప్రింటు తీసిన చార్టును పరిచి దాని మీద మిర్చి బజ్జీలు తింటారు. పని ఆగితే మాత్రం, "యాడ ఆ ప్లానింగ్ పిల్ల?" అని మేనేజర్ రామ్‌దాస్ సార్ అరుస్తాడు. ఆర్నెల్లుగా ఇదే. ఒళ్లు మండిపోతోంది బాపూ.

మూడోది, "భోజన్న అన్న మంచిగున్నడా? ఆయన మాట ఇను" అని రాశావు. నీ చేతికి మొదటిసారి తాపీ ఇచ్చిన మేస్త్రి. నన్ను ఈ పనిలో చేర్పించిందీ ఆయనే. ఇన్నాళ్లూ ఫోన్‌లో దాటేస్తూ వచ్చాను, ఇక దాచలేను.

మూడో స్లాబు పోసే తేదీ నేనే వేశాను. భోజన్న పెద్దబాపు చార్టు చూసి, "బిడ్డా, గప్పుడు పసుపు తవ్వకాలుంటయి. మీ మెండోర దిక్కు కూలీలంత పోతరు. ఇంకో పది దినాలు ఆగి పెట్టు" అన్నాడు. అందరి ముందూ చెప్పాడని నాకు రోషం వచ్చింది. "కంప్యూటర్ల అన్ని లెక్కేసిన పెద్దబాపూ. నువ్వు మనుషులను తీస్కరా, చాలు" అన్నాను.

ఆ రోజు కాంక్రీటు బండ్లు గేటు ముందు నిలబడ్డాయి. ఇరవైరెండు మంది కావాలంటే ఆరుగురు వచ్చారు. సాయంత్రం అవ్వ ఫోన్. "ఈయేడు మన నసీబు మంచిగుంది బిడ్డా, తవ్వనీకి మంది బాగనే దొరికిండ్రు!" నా కూలీలు మన చేనులోనే ఉన్నారు. పసుపు పండించే ఇంట్లో పుట్టి పసుపును మరిచాను.

రామ్‌దాస్ సార్ రిపోర్టు అడిగాడు. "ఆలస్యానికి కారణం" అనే గడిలో "మేస్త్రి నిర్లక్ష్యం" అని రాశాను. నా చేత్తోనే బాపూ. ఎవరూ రాయమనలేదు. మర్నాడు పెద్దబాపును పనిలోంచి తీసేశారు. మట్టం, తాపీ సంచిలో వేసుకుంటూ, "మంచిగ సదువుకున్నవు బిడ్డా. పైలం" అన్నాడు. తిట్టినా బాగుండేది.

క్షమించమందామని ఆదివారం ఆయన ఊరు మాక్లూర్ పోయాను. ఆయన ఎవరిదో కళ్లంలో కూలికి పసుపు ఉడకబెడుతున్నాడు. "చాయ్ తాగుతవా?" అన్నాడు. తాగి వచ్చాను.

రిపోర్టు మళ్లీ రాశాను. కారణం గడిలో ఈసారి నా పేరు ఉంది, పెద్దబాపు ముందే చెప్పిన మాటా ఉంది. రేపు సార్ బల్ల మీద పెట్టాలి. పెడితే నా పని పోవచ్చు. బిడ్డ ఇంజనీరు అయిందని నువ్వు అక్కడ అందరికీ చెప్పుకున్నావు, తెలుసు. భయంగానే ఉంది. పెట్టాకే ఈ ఉత్తరం ముత్తన్న మామకు ఇస్తాను. పెట్టలేకపోతే ఆయన సంచిలో పసుపు ఒక్కటే వస్తుంది.

ఇది నీ చేతికి అందిందంటే, రిపోర్టు ఇచ్చేశానన్నమాట.

ఇట్లు,
పెద్దల మాట ఇనని నీ బిడ్డ,
అంకిత