టోపీలో చీటీ, నాన్న దీపం

హ్యాగ్‌డన్, డర్హమ్ జిల్లా
ఏప్రిల్ 6

మా అన్న మనవరాలు ఇమొజెన్‌కి చిన్నతాత కత్‌బర్ట్ రాసేది.

నలభై ఏళ్ళుగా నా కడుపు రగులుతోంది. మా నాన్న గని దీపం మీ తాత విల్ఫ్ దగ్గరుంది. నాన్న పోయాక దాన్ని సంచిలో వేసుకుని ఆక్స్‌ఫర్డ్ కార్ల ఫ్యాక్టరీకి పోయాడు. మళ్ళీ మొహం చూపలేదు. ఇప్పుడు నువ్వేమో వంశచరిత్ర రాస్తున్నానని, పాత గని మాటలకు అర్థాలు చెప్పమని నాకు కబురెట్టావు. చెప్తా. ముందు మొదటి పేజీలో రాయి: "మా తాత దీపం దొంగ."

ఆరోగ్యం అడక్కు. గట్టిగానే ఉన్నా.

కత్‌బర్ట్ స్టాబర్ట్

తా.క.: ఆ ఇత్తడిని వెనిగర్‌తో తోమాలి. వాడు తోమడు. నాకు తెలుసు.

ఆక్స్‌ఫర్డ్
ఏప్రిల్ 14

గౌరవనీయులైన చిన్నతాతయ్యకి,

మీ ఉత్తరం తాతయ్యకి చదివి వినిపించాను. ఎనభై రెండేళ్ళ మనిషి కుర్చీలోంచి దిగ్గున లేచి, "దొంగెవడే! టోపీలో చీటీలేసి తీశాం. నా పేరొచ్చింది. టోపీ కూడా వాడిదే!" అని అరిచాడు. గనిలో పని చోటుకి కూడా చీటీలేనటగా? అందుకని "మా పూర్వీకుల జూదం" అని ఒక అధ్యాయం రాసేశాను. పర్వాలేదు కదా?

ప్రేమతో,
ఇమొజెన్

తా.క.: వెనిగర్ మాట విన్న దగ్గర్నుంచీ తాతయ్య దీపాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

హ్యాగ్‌డన్
ఏప్రిల్ 20

పిల్లా ఇమొజెన్,

జూదమా! నీ చదువు తగలెయ్య! దాన్ని కావిల్ అంటారు. గనిలో ఒకచోట బొగ్గు వెన్నలా రాలుద్ది. ఇంకోచోట మోకాల్లోతు నీళ్ళు, గట్టి రాయి. తవ్వినంతకే కూలి. మంచి చోటు ఎవడికి? మేనేజరుకి వదిలితే వాడి బామ్మర్దులకే. అందుకని మూణ్ణెల్లకోసారి అందరి పేర్లూ టోపీలో వేసి తీసేవాళ్ళం. వచ్చిన చోటే నీ చోటు. ఏడ్చినా అంతే, మొక్కినా అంతే. చీటీ మాట కాదన్నవాణ్ణి మా ఊళ్ళో కుక్క కూడా పలకరించదు. మీ ఆఫీసుల్లో కిటికీ పక్క కుర్చీ ఎవడికిస్తారో నాకు తెలీదనుకోకు. ఆ అధ్యాయం చింపెయ్.

కత్‌బర్ట్

తా.క.: నాన్నకి వరసపెట్టి మూడు కావిల్‌లలోనూ నీళ్ళ చోటే వచ్చింది. నోరెత్తలేదు. జూదగాడట!

ఆక్స్‌ఫర్డ్
ఏప్రిల్ 29

చిన్నతాతయ్యా,

చింపేశాను. క్షమించండి. కానీ చీటీ మాటకి తిరుగులేదని మీరే అన్నారు. దీపం చీటీ తాతయ్యకే వచ్చింది. ఇంక దొంగ ఎలా అవుతాడు?

ఇమొజెన్

తా.క.: ఇది నానమ్మకి తెలియకూడదు. తాతయ్య దీపం తుడుస్తూ "నా మర్రా, నా మర్రా" అని గొణుక్కుంటున్నాడు. కళ్ళు కూడా తుడుచుకుంటున్నాడు. ఎవరా మర్రా? మీ ఊళ్ళో వదిలేసి వచ్చిన అమ్మాయా? ఎలాగూ ఒక అధ్యాయం ఖాళీ అయింది.

హ్యాగ్‌డన్
మే 5

అమ్మాయీ,

నా మాట నాకే అప్పజెబుతున్నావు. స్టాబర్ట్ రక్తమే. కానీ సగమే చదివావు. కావిల్ గడువు మూణ్ణెల్లు. ఆ తర్వాత చీటీలన్నీ మళ్ళీ టోపీలోకే. నలభై ఏళ్ళు ఒక్క చీటీ మీద కూర్చున్నవాణ్ణి దొంగ అనక దొర అంటామా?

ఇక ఆ అమ్మాయి సంగతి. అమ్మాయా, నీ మొహమా! మర్రా అంటే జోడు. ఒకే చోటుని ఇద్దరు పంచుకుంటారు. పొద్దుటి షిఫ్టు ఒకడిది, మాపటి షిఫ్టు ఒకడిది. కూలి చెరిసగం. వాడు గని కప్పు కింద దుంగ సరిగ్గా నిలబెట్టి పోతేనే నేను బతికి బయటికొచ్చేది. మీ తాతకి బతుకంతా ఒక్కడే మర్రా. వాడి పేరు కత్‌బర్ట్ స్టాబర్ట్. తప్పుల్లేకుండా రాసుకో.

జులై రెండో శనివారం డర్హమ్‌లో గనివాళ్ళ జెండాల ఊరేగింపు. మా గని మూతపడింది గానీ బ్యాండు మూతపడలేదు. దీపాన్నీ, ఆ ముసలాణ్ణీ తీసుకురా. మళ్ళీ చీటీలేద్దాం. టోపీ నాది. బఠాణీ ముద్ద, పందిమాంసం ఇద్దరికి సరిపడా వండుతా. నీక్కూడా కావాలంటే ముందే చెప్పు.

కత్‌బర్ట్

తా.క.: రాని మనిషి చీటీ వాడి మర్రాయే తీస్తాడు. అది మా ఆచారం. అంటే వాడు రాకపోతే ఆ రోజు టోపీలో రెండు చేతులూ నావే. వాడికది సమ్మతమేనా? జూన్ ముప్పైలోగా జవాబు రావాలి. నీ రాత చెల్లదు, వాణ్ణే రాయమను.