సదరు క్లీట్ కాగితాలు నాడీన్ గారికి చూపించుట గురించి

ప్రూయిట్ కౌంటీ కోర్టు రికార్డుల అధికారి హోవర్డ్ ప్రీబిల్ గారి సముఖమునకు,

అర్జీదారు: ఆర్వెల్ టిబెట్స్, గాలిమరలు, నీటి పంపుల మరమ్మతు.

విషయం: క్లీట్ వార్నీ అనువారి అరెస్టు, కేసు కాగితాలను నాడీన్ కెస్లర్ గారికి అడిగిన వెంటనే చూపించుట వలన అర్జీదారుకు కలిగిన నష్టము, దాని నివారణ గురించి.

అయ్యా,

నేను ఈ కౌంటీలోనే పుట్టి, ఈ కౌంటీ గాలిమరలే ఎక్కి దిగుతూ జుట్టు తెల్లబరచుకున్నవాడను. మీ కోర్టు వెనక బావి పంపు కూడా నా చేతి పనే. ఇంతవరకు ఏ ఆఫీసుకూ అర్జీ పెట్టి ఎరుగను. గతిలేక పెడుతున్నాను.

నాడీన్ గారు పశువుల వేలం దొడ్డిలో భోజనాల గది నడుపుతారని, భర్త ఎమిల్ గారు పోయి కొన్నేళ్ళయిందని తమకు తెలుసు. సదరు క్లీట్ అదే దొడ్డిలో వేలం పాట నడిపిస్తాడు. పొరుగు కౌంటీ నుంచి వచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇతగాడి నోటికి ఊరే కాదు, కౌంటీ మొత్తం మంచిదైపోయింది.

మన దగ్గర రెండోసారి పెళ్ళి తలపెట్టిన ఆడమనిషి ముందుగా మీ బల్ల దగ్గరకు వచ్చి, ఆ మగవాడి పేరు చెప్పి, కేసులేమైనా ఉన్నాయేమో చూసుకోవడం ఆనవాయితీ. ఉంగరం తర్వాతి మాట. ఫలానావిడ ఫలానావాణ్ణి కోర్టులో చూసుకుందట అన్నారంటే, పెళ్ళి కేకు ఎవరు చేస్తారన్నదే ఇక మిగిలిన ప్రశ్న. ఈ నేపథ్యంలో నా ఇబ్బందులు ఈ దిగువ పొందుపరచడమైనది.

1) గత సోమవారం నేను నా పికప్ బండికి పన్ను కట్టడానికి వరుసలో నిలబడి ఉండగా, నాడీన్ గారు వచ్చి, మీ గుమాస్తా లావెర్న్ గారితో క్లీట్ పేరు చెప్పినారు. లావెర్న్ గారికి చెవులు మందం. అందుచేత ఆవిడ ఏ కాగితం చదివినా ఊరంతటికీ చదువుతారు. సదరు క్లీట్ తన పాత ఊరి సంతలో షెరీఫ్ గారి డిప్యూటీ కారు మీదికెక్కి, ఆ కారునే వేలం వేసినట్టు, పాట పైకి వెళ్ళి వెళ్ళి ఒక పందుల రైతు దగ్గర ఆగినట్టు, ఆ రైతు కారు తాళాలు ఇమ్మని డిప్యూటీతో తగువుపడినట్టు, జడ్జి గారు కూడా నవ్వాపుకోలేక మందలించి వదిలినట్టు అందులో ఉన్నది. నాడీన్ గారు బల్ల పట్టుకుని నవ్వినారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వినారు.

అయ్యా, ఎన్నో ఏళ్ళుగా ప్రతి వేలం రోజూ నేను ఆవిడ గదిలోనే భోంచేస్తున్నాను. పళ్ళ ముక్కలు కూరి ఆవిడ కాల్చే ‘పై’ అనే తీపి రొట్టె తిని, బాగుందని చెప్పి, టోపీ పెట్టుకుని వస్తున్నాను. ఆ నవ్వు నాకు ఒక్కసారి కూడా దొరకలేదు. ఇది కుళ్ళేనని ఎవరైనా అంటే నేను కాదనను.

2) అరెస్టు కాగితాలు షెరీఫ్ ఆఫీసులో, కేసు కాగితాలు మీ దగ్గర, పాతవి నేలమాళిగలో పెట్టెల్లో ఉంటాయని, మూడు చోట్లా తిరిగితే గాని ఒక మనిషి చరిత్ర తెలియదని అందరికీ అనుభవమే. పొరుగు కౌంటీవైతే మరీను. అలాంటిది సదరు క్లీట్ కాగితాలు మాత్రం ఆవిడ అడిగీ అడగగానే వేడి వేడి రొట్టెలాగా బయటికి ఎలా వచ్చినవి? విచారించగా, అతనే స్వయంగా నకళ్ళు తెప్పించి మీ ఆఫీసులో దాఖలు చేసుకున్నాడని తెలిసినది. తన అరెస్టును తానే ఊరేగించుకునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. కావున సదరు కాగితాలను నేలమాళిగలో, వీలైతే తేమ ఎక్కువగా ఉండే మూలలో, భద్రపరచవలసినదిగా కోరుతున్నాను.

3) పిమ్మట నేను నా పేరు కూడా వెతకమని అడిగినాను. నన్ను మాత్రం రాతపూర్వకంగా ఇమ్మన్నారు, ఇచ్చినాను. లావెర్న్ గారు మూడు చోట్లా వెతికి వచ్చి, వరుసలో ఉన్నవారందరూ వినేలా, “ఏమీ లేదయ్యా ఆర్వెల్. బండి జోరుగా తోలిన కేసు కూడా లేదు,” అన్నారు. వెనకాల నిలబడిన ఒకాయన నా భుజం తట్టినాడు. అయినవాళ్ళు పోయినప్పుడు తట్టేలా తట్టినాడు.

అయ్యా, నేను ఒక రాత్రి జైల్లో ఉన్నాను. అది ఎందుకు నమోదు కాలేదని ప్రశ్నిస్తున్నాను. ఎమిల్ గారు పోయిన తర్వాతి చలికాలం, పెద్ద మంచు తుపాను పడి వేలం రద్దయి, నాడీన్ గారు పట్నంలోనే చిక్కుబడిపోయినప్పుడు, ఆవిడ పొలంలో పశువుల తొట్టికి నీళ్ళు ఆగిపోయి ఉంటాయని నాకు తోచి, వెళ్ళి పంపు బాగుచేసి వచ్చాను. తిరిగి వస్తుంటే బండి మంచులో దిగబడింది. డిప్యూటీ నన్ను లాక్కొచ్చి, వేరే చోటు లేక జైలు గదిలో పడుకోబెట్టి, చలిగాలి రాకుండా తలుపు వేసినాడు. తాళం కూడా పడినదని నా నమ్మకం. పొద్దున ఖైదీలతో పాటు నాకూ తిండి వచ్చింది. జైలుకు వండి పంపేది నాడీన్ గారే కదా. నా పళ్ళెంలో ఒక పీచ్ పై ముక్క కూడా ఉన్నది. వేలం రద్దయింది గనుక మిగిలిపోయినవి పంపినారు. తినడానికి పై పెట్టారు కాబట్టి అది అరెస్టు కాదని తమ ఆఫీసు వాదించవచ్చును. అయినను దయతలచి దానిని అరెస్టుగా పరిగణించి నా పేరున ఎక్కించవలెను. చిన్నదైనా ఫరవాలేదు.

4) మీ దగ్గర ఎవరు ఎవరి కాగితాలు అడిగినదీ రాసిపెడతారని, అది కూడా ఎవరైనా చూడవచ్చునని తెలిసి, అదీ అడిగినాను. ఎమిల్ గారు పోయినప్పటి నుంచి నాడీన్ గారు నా పేరు ఎప్పుడైనా అడిగినారా? లేదు. వేరే ఎవరైనా? అదీ లేదు. ఈ కౌంటీలో నన్ను చూసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. ఇది అర్జీలో రాయవలసిన సంగతి కాదు. రాసినందుకు మన్నించాలి.

5) ఐదవది రాసి కొట్టివేసినాను. అది క్లీట్ మీసాల గురించి.

సదరు క్లీట్ ఈ గురువారం వేలం ముగిశాక ఆవిణ్ణి పెళ్ళికి అడగబోతున్నాడని దొడ్డిలో అందరూ అనుకుంటున్నారు. ఈలోగా పై అంశాలపై తగు చర్య తీసుకోని పక్షంలో నాకు కలిగే నష్టం ఏ ఆఫీసూ పూడ్చలేనిది. నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఈ కౌంటీలో ఏ కేసూ లేని
ఆర్వెల్ టిబెట్స్

తా.క. ముద్ర వేయకముందు లావెర్న్ గారు ఇదంతా చదివినారు. అది తన విధి అన్నారు. కాస్త మెల్లగా చదవమని నేను బతిమాలుకున్నాను. చదివి, కళ్ళజోడు తీసి, “అన్నీ రాశావు గానీ, అవునయ్యా, ఆవిణ్ణి ఎప్పుడన్నా అడిగావా?” అన్నారు. ఏం అడగాలన్నాను. “ఎవరూ అడక్కుండా మేం ఇక్కడ ఏ కాగితమూ వెతకం. నువ్వు అడక్కుండా ఆవిడ మాత్రం నిన్నెందుకు వెతుకుద్ది?” అన్నారు. ముద్ర పడితే ఇది కూడా అందరూ చూడదగిన కాగితం అవుతుంది, వేయనా వద్దా అని అడిగినారు. నా పేరు మీద ఒక్క కాగితమైనా ఉంటుంది, వేయమన్నాను.

మరియొక తా.క. ఇది దాణా సంచీ చీటీ వెనక రాసి పంపుతున్నాను, పై అర్జీకి గుచ్చవలెను. నేను కోర్టు ముందు నా పికప్‌లోనే కూర్చుని ఉండిపోయాను. అంతలో నాడీన్ గారు వచ్చారు. లావెర్న్ గారు ఫోన్ చేసి ఉంటారని నా అనుమానం, దానిపై ఫిర్యాదు చేయుట లేదు. లోపల ఆవిడ నా పేరు చెప్పిన సంగతి, “ఉంది, ఒకటుంది, ఇవాళే వచ్చింది” అన్న లావెర్న్ గారి కేక వల్ల నాకు బండిలోకే తెలిసినది. పన్ను కట్టే వరుస మొత్తం ఇటు తిరిగి చూసింది.

కిటికీలోంచి చూశాను, నాడీన్ గారు నిలబడే చదివినారు. నవ్వలేదు. నా ప్రాణం అక్కడే పోయింది. కాగితాలు తిరిగి ఇచ్చి, బయటికి వచ్చి, నా బండి తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

“మూడోది తప్పు రాశావు,” అన్నారు.

తాళం పడిందో లేదో నాకూ గట్టిగా తెలియదన్నాను.

“తాళం సంగతి కాదు. పైలు నేను వేలం రోజు పొద్దున్నే చేస్తాను, ముందు రోజు చెయ్యను. ఆ రోజు వేలమే లేదు. మిగలడానికి అసలు చేస్తే కదా? మా తొట్టి దగ్గర్నుంచి వస్తూ దిగబడ్డావని డిప్యూటీ చెప్పాడు. ఒక్క ముక్క కోసం పొయ్యి వెలిగించాను. అప్పట్నించీ ప్రతి వారం వస్తావు, తింటావు, టోపీ పెట్టుకుని పోతావు. తెలియని మనిషిని కోర్టులో చూసుకుంటారు గానీ, నిన్నేం చూసుకోను?”

అప్పుడు నేను అడిగినాను. ఏమని అడిగినదీ ఈ చీటీలో రాయుట లేదు, ఎందుకనగా ఇది కూడా అందరూ చూస్తారు. గురువారం నాటికి సదరు క్లీట్ వేరే ఎవరినైనా అడుగుకొనవచ్చును.

కావున ఒకటవ, మూడవ, నాలుగవ అంశములు ఉపసంహరించుకుంటున్నాను. ఆవిడ ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని నా భుజం మీదుగా ఇది చదువుతున్నారు. కారు వేలం సంగతి తలుచుకుని మళ్ళీ నవ్వుతున్నారు. పాపం క్లీట్ అని, రెండో అంశం కూడా కొట్టెయ్యమంటున్నారు.

రెండవ అంశము కొట్టివేయుట లేదు. తేమ ఎక్కువగా ఉండే మూల అని మరొకసారి మనవి.