పులిసిపోతుందన్న బీరు

హాలె, 1976 జూలై 4

ప్రియమైన నాన్నకి,

పోయిన ఆదివారం మన బీరు పీపాల నేలమాళిగ మెట్ల మీద నన్ను ఆపేసి, పక్క కఫేలో అందరూ వినేలా "ఆడది అడుగు పెడితే బీరు పులిసిపోతుంది" అన్నావు. అందరూ నవ్వారు. నాన్నా, మనం అమ్మేదే పుల్ల బీరు కదా! పీపాల్లో ఏళ్ళ తరబడి పెట్టి పులియబెట్టేది దేనికి? నువ్వన్నది నిజమైతే నన్ను జీతమిచ్చి మరీ ఆ మాళిగలో కూర్చోబెట్టాలి.

నీ ముక్కు నాకొచ్చింది. ఏ పీపా ఎప్పుడు తెరవాలో వాసన చూసి చెప్పగలను. అయినా మాళిగ నీ మేనల్లుడు జెఫ్‌కే ఇస్తానంటున్నావు. చాలా బాధేసింది. ఇక బతిమాలను.

పెరటి చెర్రీలు పండే ఉంటాయి. నలభై కిలోలు బస్సులో వేసి పంపు. జామ్ చేసుకుంటాను.

కోపంగానే, అయినా నీ కూతురు,
లీవె

గోయిక్, 1976 జూలై 11

ప్రియమైన లీవెకి,

చెర్రీలు పంపాను. బస్సు డ్రైవరు గొణిగాడు, రెండు సీసాలు చేతిలో పెడితే ఊరుకున్నాడు.

నీ నోరు మీ అమ్మది. ఆవిడా ఇలాగే మాట్లాడేది, కానీ ఒక్కనాడూ మాళిగ మెట్టు దిగలేదు. మా తాత పెట్టిన పద్ధతి అది, నేను మార్చను. వచ్చే వేసవికి తాళాలు జెఫ్‌వి. కుర్రాడు శుభ్రమైన మనిషి.

జామ్‌లో గింజలు తియ్యకు. రుచంతా అక్కడే ఉంది.

మీ నాన్న,
ఫోన్స్

హాలె, 1977 జూన్ 8

ప్రియమైన నాన్నకి,

జామ్ బాగా కుదిరింది. గింజలు తియ్యలేదు.

సోమవారం జెఫ్‌కి తాళాలిచ్చావట. మోకాళ్ళు పోయాయి, మెట్లు దిగలేవు, అయినా నా మాళిగ, నా పద్ధతి అంటావు. చింత చచ్చినా పులుపు చావదు!

ఈ ఉత్తరంతో పాటు పేరు అంటించని సీసా ఒకటి పంపుతున్నాను. చెర్రీ బీరే. హాలెలో ఒకాయన చేశాడు. పందెం కాస్తావా? కఫేలో అందరి ముందూ తాగు. పులుపు ఓర్చుకోలేక గ్లాసులో వేసుకోడానికి చక్కెర బిళ్ళ అడిగావా, జన్మలో మళ్ళీ మాళిగ ఊసెత్తను. అడక్కుండా గ్లాసు ఖాళీ చేశావా, తాళాలు అది చేసిన మనిషికే ఇవ్వాలి. భయమేస్తే సీసా తిప్పి పంపెయ్.

తగ్గేది లేని నీ కూతురు,
లీవె

గోయిక్, 1977 జూన్ 20

ప్రియమైన లీవెకి,

భయమా, నాకా?

నీ "ఒకాయన" సీసా నిన్న కఫేలో తెరిచాను. బిరడా పేలింది. నురుగు గులాబీ రంగు. జెఫ్ ఒక్క గుక్క తాగి మూతి ముడిచాడు. "అబ్బా, పళ్ళు జివ్వుమంటున్నాయి మామయ్యా, చక్కెర ఏదీ?" అని రెండు బిళ్ళలు వేసి గ్లాసులోనే నలిపేశాడు. కఫే నడిపే మారియెట్ చక్కెర గిన్నె నా ముందుకు తోసింది. అందరూ నా చేతి వంకే చూస్తున్నారు.

ముందు పులుపు దవడలు లాగేసింది. ఆ వెనకే మన పెరటి చెర్రీ. అది గొంతు దిగాక నాలుక మీద గింజల చేదు, చేదు బాదం కొరికినట్టు. గిన్నె వెనక్కి తోసేసి గ్లాసు ఖాళీ చేశాను.

"ఎవరు చేశారు ఫోన్స్?" అంది మారియెట్.

"నా కూతురు" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను వెర్రివాణ్ణనుకున్నావా? ఒంటిమనిషికి నలభై కిలోల చెర్రీలతో జామా? జామ్‌లో గింజలు ఎవరైనా ఉంచుతారా? అవి ఉంచేది పుల్ల బీరులో చెర్రీలు నానబెట్టేటప్పుడు. తెలిసే చెప్పాను. నీకు చేతకాదని తేలిపోతే గొడవ వదిలిపోతుందనుకున్నాను. నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను, తప్పు నాదే.

ఇక ఆ శుభ్రమైన మనిషి సంగతి విను. తాళాలిచ్చిన మొదటి రోజే చీపురు పుచ్చుకుని మాళిగలో సాలెగూళ్ళన్నీ దులిపేశాడు! నలభై ఏళ్ళుగా నేను ఒక్కటి ముట్టుకోలేదు. ఇప్పుడు పీపాల మీద ఈగలు ముసురుతుంటే పట్టడానికి ఒక్క సాలీడు లేదు. నిన్న కఫేలోనే తాళాలు లాగేసుకున్నాను. వాళ్ళమ్మ, అంటే మీ అత్తయ్య, నాతో మాట్లాడనంది. మాట్లాడకపోనీ.

ముసలాడు పద్ధతి తప్పాడని ఊళ్ళో అనుకుంటారు. అనుకోనీ. నేనసలు తప్పలేదు. ఆడది అడుగు పెడితే బీరు పులుస్తుందని మా తాత చెప్పాడు, నేనూ చెప్పాను.

మూడో వరసలో పీపాలు రెండు పులవకుండా మొండికేశాయి. వచ్చి పులియబెట్టు.

మీ నాన్న,
ఫోన్స్