జాబితాలో లేని రివాల్వరు

పోలీసు ఠాణా, పికెట్ ఫోర్క్, కెంటకీ
మార్చి 1, 1993

ఆఫీసరు డెన్జిల్ కాడిల్ గారికి,

ఊరి కౌన్సిల్ కొత్త నిబంధనలు ఆమోదించింది. ఇకమీదట డ్యూటీలో పెట్టుకునే పిస్తోలును ప్రతి ఆఫీసరూ తన ఇష్టప్రకారం తానే ఎంచుకోవచ్చు. ఎంచుకోదగిన మూడు రకాల జాబితా జతచేశాను. మూడూ ఆటోమేటిక్ పిస్తోళ్ళే. ఏప్రిల్ ఒకటిలోగా, ఎంచుకున్నదానితో రేంజిలో కాల్పుల పరీక్ష నెగ్గాలి. నెగ్గనివారు రోడ్డు డ్యూటీ వదిలి ఠాణాలో ఫోను దగ్గర కూర్చోవాలి.

మిగతా నలుగురూ నోటీసు చదివిన పూటే ఎంచుకున్నారు. మీ నిర్ణయం కోసం చూస్తున్నాను.

ఇట్లు,
హోబర్ట్ స్టాంపర్, పోలీస్ చీఫ్

తా.క. బామ్మర్దీ, మన గదుల మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడే అయినా, ఆయుధాల సంగతి నోటిమాటగా తేల్చకూడదని ఐదో నిబంధన. పోనీ ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడుకుందామంటే మీ అక్క బల్ల దగ్గర ఠాణా కబుర్లు నిషేధం. పోయిన వారం ఒక దొంగ సంగతి ఎత్తినందుకు నా ముందున్న మాంసం పళ్ళెం ఎత్తేసింది. కాబట్టి ఉత్తరమే రాయి. గోడ తట్టకు.

*

మార్చి 3

గౌరవనీయులైన చీఫ్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఇష్టప్రకారం ఎంచుకోమన్నందుకు కృతజ్ఞతలు. నేను ఎంచుకున్నాను. ఇప్పుడు నా నడుముకున్న ఆరు గుళ్ళ రివాల్వరునే ఎంచుకున్నాను.

విధేయుడు,
డెన్జిల్ కాడిల్, ఆఫీసరు

తా.క. జాబితా చూశాను బావా. "ఏం కావాలో చెప్పు, ఏదైనా వండుతా, ఉన్నది మాత్రం చిక్కుడు గింజలే" అని అక్క అంటుందే, అలా ఉంది.

*

మార్చి 5

ఆఫీసరు కాడిల్ గారికి,

మీ రివాల్వరు జాబితాలో లేదు. జాబితాలో లేనిది కావాలంటే ఆరో నిబంధన ప్రకారం మూడు షరతులున్నాయి. ఒకటి, అది పూర్తిగా మీ సొంత ఆస్తి అయ్యుండాలి. రెండు, ఠాణా ఆయుధాల తనిఖీదారు దాన్ని పరీక్షించి సంతకం చేయాలి. మూడు, అదే ఎందుకు కావాలో కారణం రాసివ్వాలి. కారణం సబబుగా ఉండాలి.

ఇట్లు,
హోబర్ట్ స్టాంపర్

తా.క. ఇది నీ మంచికే చెబుతున్నా. ఈ కొండల్లో రివాల్వరు పెట్టుకు తిరిగే పోలీసు ఇప్పుడు నువ్వొక్కడివే. మొన్న నువ్వు బండి ఆపితే ఆ ముసలి లారీ డ్రైవరు "మా నాన్ననీ నువ్వే ఆపావా?" అని అడిగాడట.

*

మార్చి 6

చీఫ్ గారికి నమస్కారాలు.

రివాల్వరు నా సొంతం. తనిఖీ కూడా అయింది. ఠాణా ఆయుధాల తనిఖీదారును నేనే కనుక నేనే తనిఖీ చేశాను. ఎక్కడా లోపం కనబడలేదు. ఇక కారణం: చాలా ఏళ్ళుగా అలవాటైంది.

విధేయుడు,
డెన్జిల్ కాడిల్

తా.క. ఆ డ్రైవరు నాన్నను ఆపింది నేనే. ఇద్దరి బ్రేకులూ ఒకే రకం.

*

మార్చి 9

ఆఫీసరు కాడిల్ గారికి,

తనిఖీ సరే, ఆ పదవి మీదే కనుక నేను చేయగలిగింది లేదు. కాని అలవాటు కారణం కాదు. మీ ఉత్తరం కౌన్సిల్‌కు చూపించాను. అలవాటు మార్చుకోలేని ఉద్యోగికి శిక్షణ ఇప్పించాలని వారు తీర్మానించారు. లెక్సింగ్టన్‌లో "మార్పుకు స్వాగతం" అనే రెండు రోజుల తరగతిలో మీ పేరు రాయించాను. హాజరు తప్పనిసరి.

ఇట్లు,
హోబర్ట్ స్టాంపర్

తా.క. నన్ను తిట్టకు. తిట్టేదుంటే కాగితం మీద పెట్టు, ఐదో నిబంధన.

*

మార్చి 15

చీఫ్ గారికి,

తరగతి పూర్తిచేసి వచ్చాను. ధ్రువపత్రం జతచేశాను. రివాల్వరు విషయంలో నా మనసు మారలేదు.

అసలు కారణం వేరే ఉంది. చెప్పడానికి మొహమాటపడ్డాను. అది మా నాన్నగారి రివాల్వరు. ఆయన జ్ఞాపకంగా దాన్ని నడుముకు పెట్టుకుంటున్నాను. ఇది సబబైన కారణమని మీరు ఒప్పుకుంటారని నమ్ముతూ,

విధేయుడు,
డెన్జిల్ కాడిల్

తా.క. అక్కడ ఒక బ్యాంకు గుమాస్తా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకోమన్నారు. "ఇప్పుడు మీరొక ఆకు. గాలి ఎటు వీస్తే అటు పోతున్నారు" అన్నారు. అతను పోయాడు. నేను పోలేదు.

రెండో తా.క. ఈ ఉత్తరం అక్క కంట పడనీయకు.

*

మార్చి 17

ఆఫీసరు కాడిల్ గారికి,

మీ ఉత్తరం నా బల్ల మీద ఉండగా నా భార్య వెర్నా క్యారియరు తెచ్చింది. తర్వాత జరిగినదానికి ఠాణా అంతా సాక్షి.

ఆమె రాసిచ్చిన అభ్యంతరం నకలు జతచేశాను. దాని సారాంశం: తండ్రిగారు పోయాక జరిగిన పంపకాల్లో ఆమెకు రెండు బొంతలు, ఒక గొడ్డు వచ్చాయి, తమ్ముడికి ట్రక్కు వచ్చింది. రివాల్వరు ఊసే ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ గొడ్డుకు ఆమె ఒప్పుకునేది కాదు. కనుక సగం రివాల్వరు ఆమెది.

వాటా తగాదా ఉన్న ఆయుధం పూర్తిగా మీ సొంత ఆస్తి కాదు. ఆరో నిబంధన ప్రకారం మీ విన్నపం తిరస్కరిస్తున్నాను.

ఇట్లు,
హోబర్ట్ స్టాంపర్

తా.క. ఏ సగం కావాలే అని అడిగాను. "గుండు బయటికొచ్చే సగం" అంది. నిన్నటినుంచి చల్లారిన మొక్కజొన్న రొట్టె తింటున్నాను. నువ్వు పుణ్యాత్ముడివి.

*

మార్చి 20

చీఫ్ గారికి,

నిన్న నేను డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేసరికి మా అక్క వసారాలో నా కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏరా, నాన్నకి రివాల్వరెక్కడిదిరా? ఆయన జన్మంతా ఆ ఒంటిగొట్టం తుపాకీ తప్ప ఇంకోటి ముట్టుకున్నాడా?"

"అక్కా, అది నీకు తెలీదులే."

"నాకు తెలీదా? ఆ తుపాకీ నూనె పెట్టి తుడిచింది నేను. నువ్వేమో ఆ చప్పుడికే మంచం కింద దూరేవాడివి. చెప్పు, అబద్ధం నాన్న మీద ఆడుతున్నావా, నా మీద ఆడుతున్నావా?"

కాఫీ అడిగింది, ఇచ్చాను. తాగి, చిక్కగా లేదంది. నిజం వినేదాకా లేవలేదు.

కనుక ఇందుమూలంగా సవరించుకుంటున్నాను. ఆ రివాల్వరు నాన్నగారిది కాదు. ఉద్యోగంలో చేరిన ఏడాది హజార్డ్ ఊరి బజారులో నేనే కొన్నాను. వాటా తగాదా లేదు. విన్నపాన్ని మళ్ళీ పరిశీలించగలరు.

విధేయుడు,
డెన్జిల్ కాడిల్

తా.క. వెళ్తూ వెళ్తూ ఆ గొడ్డు సంగతి మళ్ళీ ఎత్తింది. అది చచ్చి చాలాకాలమైంది బావా. నాకిప్పుడు ఏం చేయమంటావు.

*

మార్చి 24

ఆఫీసరు కాడిల్ గారికి,

మీరు సంతకం చేసిన రెండు ఉత్తరాలు నా ముందున్నాయి. ఒకదానిలో అది మీ తండ్రిగారిది. ఇంకోదానిలో కాదు. అధికార పత్రంలో అబద్ధం రాయడం పదకొండో నిబంధన కింద నేరం. విచారణ జరపాల్సింది నేను. మీ బావను కనుక జరపకూడదు. అందువల్ల కాగితాలు కౌన్సిల్‌కు పంపాలి. విచారణ ముగిసేదాకా ఏ కొత్త కారణమూ స్వీకరించబడదు.

గడువు మారలేదు. జాబితాలోని పిస్తోలుతో పరీక్ష నెగ్గండి. లేదా ఒకటో తారీఖు పొద్దున ఫోను దగ్గర కూర్చోండి.

ఇట్లు,
హోబర్ట్ స్టాంపర్

తా.క. కాగితాలు ఇంకా పంపలేదు, సొరుగులోనే ఉన్నాయి. ఒరేయ్ డెన్జిల్, నీకు అబద్ధమాడటం చిన్నప్పటినుంచీ రాదని మీ అక్కే చెబుతుంది. రానివాడివి ఎందుకు మొదలుపెట్టావు? ఒక్కసారి తిన్నగా చెప్పు. చేతకాకపోతే ఆటోమేటిక్ కొనుక్కుని చావు.

*

మార్చి 26

బావా,

ఇది చీఫ్ గారికి కాదు. ఫైలులో పెట్టకు. చదివి పొయ్యిలో వెయ్యి.

నా కుడిచేతి బొటనవేలు పనిచేయడం లేదు. ఎడమదీ అదే దారి పట్టింది. పోయిన చలికాలం నుంచీ కీళ్ళు బిగుసుకున్నాయి. ఆటోమేటిక్‌లో గుండు ఎక్కించాలంటే పై భాగాన్ని గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాలి కదా. మన ఆయుధాల గదిలో, ఎవరూ లేనప్పుడు, జాబితాలోని మూడింటినీ లాగి చూశాను. ఒక్కటీ కదల్లేదు. మూడోదాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి లాగాను. అదీ రాలేదు, ప్యాంటు చిరిగింది.

రివాల్వరుకు ఆ లాగుడు లేదు. గుళ్ళు పెట్టి, మూసి, కాల్చడమే. నా చూపుడువేలికి ఏ జబ్బూ లేదు. ఇప్పటికీ రేంజిలో నీకంటే బాగా కాలుస్తాను, నీకూ తెలుసు.

ఈ కారణం కాగితం మీద పెడితే ఏమవుతుందో కూడా చదివాను. తొమ్మిదో నిబంధన: చేతి జబ్బున్నవారిని తక్షణం ఫోను దగ్గర కూర్చోబెట్టాలి. అంటే కారణం రాయకపోయినా ఫోనే, రాసినా ఫోనే. అందుకే వేరే కారణాలు వెతికాను. నాన్నను ఇందులోకి లాగి ఉండకూడదు. ఆయన్నేదో అడ్డం పెట్టుకున్నట్టయింది.

నేను ఫోను దగ్గర కూర్చోను. పంతం అనుకో, ఏమైనా అనుకో. లిక్ బ్రాంచి రోడ్డులో బడి దగ్గర ఆ వంపు ఉంది. దిగువకు వచ్చే బొగ్గు లారీలు అక్కడ నన్ను చూసి నెమ్మదిస్తాయి. నేను ఠాణాలో ఫోను దగ్గర ఉన్నానని తెలిసి నెమ్మదించవు. ఎవరి బ్రేకులు అరిగాయో, ఎవడు నిద్రమత్తులో తోలుతాడో నాకు మొహాలు చూస్తే తెలుస్తుంది. ఒకటో తారీఖు పొద్దున పిల్లలు బడికొచ్చే వేళకి నేను అక్కడ నిలబడతాను. పోలీసు బిళ్ళ లాక్కుంటే బిళ్ళ లేకుండా నిలబడతాను. రివాల్వరు లాక్కుంటే ఈల పట్టుకుని నిలబడతాను.

అంతే. ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. వేలు నొప్పిగా ఉంది.

డెన్జిల్

తా.క. అక్కకు చెప్పకు. చెబితే ఏదో ఒక ఆకుపసరు నూరుకుని వస్తుంది. చిన్నప్పుడు దగ్గుకు రాసిన పసరు మచ్చ ఇంకా ఉంది.

*

మార్చి 29

పికెట్ ఫోర్క్ పోలీసు ఠాణా ఆయుధాల తనిఖీదారు శ్రీ డెన్జిల్ కాడిల్ గారికి,

పోలీస్ చీఫ్ హోబర్ట్ స్టాంపర్ మీకు తెలియజేసేది ఏమనగా:

నేను డ్యూటీ పిస్తోలును మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. నేను ఎంచుకున్నది ఆరు గుళ్ళ రివాల్వరు, మీరు వాడుతున్న రకమే. నాలుగో నిబంధన ప్రకారం, చీఫ్ ఎంచుకున్న ఆయుధాన్ని తనిఖీదారు పరీక్షించి సంతకం చేసిన మరుక్షణం ఆ రకం జాబితాలో చేరుతుంది. చీఫ్ కారణం చెప్పనక్కర్లేదు. ఆ నిబంధన నేనే రాయించాను.

జాబితాలో చేరాక ఆ రకాన్ని ఏ ఆఫీసరైనా కారణం లేకుండా ఎంచుకోవచ్చు. దయచేసి ఈ రోజే తనిఖీ పూర్తిచేయండి. రేపు మనిద్దరికీ రేంజిలో పరీక్ష. ఎల్లుండి నా సంతకం. ఒకటో తారీఖు పొద్దున మీ డ్యూటీ ఎప్పటిలా లిక్ బ్రాంచి రోడ్డు, బడి దగ్గర.

అబద్ధం సంగతి కౌన్సిల్ దాకా పంపను. చీఫ్‌గా నేను వేయగల శిక్ష మందలింపు. ఇదిగో: మందలించాను. మళ్ళీ మీ నాన్నగారి పేరు వాడకండి.

భవదీయుడు,
హోబర్ట్ స్టాంపర్

తా.క. బామ్మర్దీ, నీ ఉత్తరం పొయ్యిలో వేద్దామని ఇంటికి తీసుకెళ్ళాను. మీ అక్క నా చేతిలోంచి లాక్కుని చదివింది. నిలబడి మొదలుపెట్టినదల్లా కూర్చుని పూర్తిచేసింది. తర్వాత నా వైపు చూసి, "ఇంక నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది.

నేనే చెబుతున్నాను. నా బొటనవేళ్ళూ పోయాయి, నీకంటే ఏడాది ముందు. నిరుడు గొప్పగా కొన్న ఆ ఆటోమేటిక్‌ను నేను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వెనక్కి లాగలేదు. రోజూ పొద్దున పెరటి మెట్ల మీద నిలబడి లాగి, గుండు ఎక్కించి, నా చేతికి ఇస్తున్నది మీ అక్క. ఒక చేత్తో పిస్తోలు, ఒక చేత్తో క్యారియరు. నీ దగ్గరికి తనిఖీకి తెచ్చినప్పుడల్లా గుండు తీసి, పై భాగం వెనక్కి లాగే ఉంటే, "చీఫ్ గారి పద్ధతే వేరు" అని మెచ్చుకున్నావు. ఆ పద్ధతి వెర్నాది.

జాబితాలో రివాల్వరు లేకుండా చేసింది కౌన్సిల్ కాదురా, నేనే. ఒకటి ఉంటే, చీఫ్ కళ్ళు ఎందుకు అటే పోతున్నాయని ఎవరైనా అడుగుతారని భయం. నువ్వు రాసిన ప్రతి ఉత్తరం నా గుట్టు బయటపెట్టడానికే రాస్తున్నట్టు అనిపించి గట్టిగా తిప్పికొట్టాను. నీకున్న ధైర్యం నాకు లేదు.

రెండో తా.క. ఖాళీగా ఉన్న ఆరో ఆఫీసరు ఉద్యోగానికి మీ అక్క నిన్న సాయంత్రం దరఖాస్తు పెట్టింది. ఏడాది అనుభవం ఉందట. ఆయుధం జాబితాలోంచే ఎంచుకుంది. కారణం అడక్కపోయినా రాసింది: ఈ కుటుంబంలో అది లాగగలిగింది తనొక్కతేనట. నిబంధనలన్నీ తిరగేశాను. కాదనడానికి ఒక్కటీ దొరకలేదు. పైగా తనిఖీదారుగా నువ్వు సంతకం పెట్టాలి. గోడ తట్టు, మాట్లాడుకుందాం.